పోపుల డబ్బా, పన్నెండంగుళాల తెర

పొయ్యి మీద నూనె కాగుతుంటే ఆవాల కోసం ఎవరూ పోపుల డబ్బాలోకి తొంగి చూడరు. కళ్ళు బాండీ మీదే ఉంటాయి. వేళ్ళు వాటంతట అవే ఆవాల గిన్నెలోకి పోతాయి. దాని పక్కది జీలకర్ర అని చేతికి తెలుసు. ఇప్పుడు ఆ డబ్బా తీసేసి నున్నటి గాజు పలక ఒకటి పెట్టారనుకోండి. ఆవాలు కావాలంటే ముందు ‘దినుసులు’ నొక్కాలి, అది తెరుచుకున్నాక ‘పోపు’ నొక్కాలి, అందులో కిందికి జరిపితే ఆవాలు కనబడతాయి. పైగా రెండు నెలలకోసారి రాత్రికి రాత్రే ఎవరో వచ్చి వరస మార్చి పోతుంటారు. పలక చూడ్డానికి బాగుంటుంది, తుడవడమూ తేలికే. పోపు మాత్రం మాడుతుంది.

కొత్త ఎలక్ట్రిక్ కార్ల డాష్‌బోర్డు మీద అచ్చంగా ఇదే జరిగింది. ఏసీ నాబ్‌లు పోయాయి, కొన్నిటిలో సైడు అద్దాలు సరిచేసే మీట పోయింది, వోల్వో ఈఎక్స్ 30లో గ్లవ్ బాక్స్ తెరవాలన్నా స్క్రీనే నొక్కాలి. ఆ కారులోనూ టెస్లా మోడల్ 3, మోడల్ వైలోనూ డ్రైవరు ఎదురుగా స్పీడోమీటరు కూడా ఉండదు, వేగం చూడాలంటే మధ్య స్క్రీన్ మూలకి చూడాలి. దీనికి షోరూముల్లో వినబడే జవాబు ఒక్కటే: “వారం రోజుల్లో అలవాటైపోతుందండీ.”

ఈ మాటలో సగమే నిజం. కొన్ని పనులు నిజంగానే వారంలో అలవాటవుతాయి. మరికొన్ని పదేళ్ళు నడిపినా అవవు. లోపం డ్రైవరుది కాదు, గాజు పలక పని చేసే తీరే అంత. ఏవి అలవాటవుతాయో, ఏవి అవవో విడదీసి తెలుసుకుంటే కారు కొనేముందు ఏం చూడాలో, కొన్నాక ఏం మార్చుకోవాలో తేలిపోతుంది.

చెయ్యి ఒక బటన్‌ని మూడు రకాలుగా గుర్తుపడుతుంది: ఉన్న చోటు, ఆకారం, నొక్కినప్పుడు వచ్చే టిక్కు. స్క్రీన్ మీద రెండోది, మూడోది లేవు. చోటు ఒక్కటే మిగిలింది, మెనూ మారితే అదీ జారిపోతుంది. ఇంకో సూక్ష్మం ఉంది. మామూలు బటన్ మీద వేలు ఆనించి, ఇదేనా అని తడిమి, ఆ తర్వాత నొక్కుతాం. స్క్రీన్‌కి ఆనించడమూ నొక్కడమూ ఒకటే. వేలి చర్మం దగ్గరికి రాగానే గాజు కింది విద్యుత్ క్షేత్రం మారుతుంది, అదే దానికి లెక్క. అందుకే తడుముకునే అవకాశమే లేదు, కచ్చితంగా చూసే నొక్కాలి. గతుకుల రోడ్డు మీద చెయ్యి ఎగురుతుంటే 23 నొక్కబోతే 26 అవుతుంది. చెమట పట్టిన వేలికీ, వానలో తలుపు వేసి కూర్చున్న తడి వేలికీ స్క్రీన్ ఒక్కోసారి రెండుసార్లు పలుకుతుంది, ఒక్కోసారి అసలు పలకదు.

మన దేశపు కార్లకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. మనకి స్టీరింగ్ కుడివైపు, స్క్రీన్ ఎడమవైపు. గురిచూసి నొక్కే పనంతా ఎడమచేత్తో చేయాలి. కుడిచేతివాటం ఉన్నవాళ్ళకి అది మొద్దు చెయ్యి. ఈ మెనూల్లో చాలావరకు ఎడమ స్టీరింగ్ దేశాల్లో, కుడిచేత్తో నొక్కుతారని లెక్కేసి గీసినవి. అక్కడి డ్రైవరుకి దగ్గరగా ఉండాలని ఎడమ అంచున పెట్టిన గుర్తులు మనకి వచ్చేసరికి దూరపు అంచున పడతాయి. కొన్ని కంపెనీలు వాటిని తిప్పి గీస్తాయి, కొన్ని బద్ధకిస్తాయి. ఇక నలభై దాటి చత్వారం వచ్చినవాళ్ళ సంగతి: రోడ్డు చూడ్డానికి అద్దాలక్కర్లేదు, చేతి దూరంలో ఉన్న సన్నటి అక్షరానికి కావాలి. ఆ అక్షరం మీద చూపు కుదురుకోవడానికే అర సెకను, మళ్ళీ రోడ్డు మీద కుదురుకోవడానికి ఇంకో అర సెకను. కుర్రాళ్ళు గీసిన స్క్రీన్లు అనిపించేది ఇక్కడే.

గంటకి 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి 28 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు స్క్రీన్ చూస్తే 55 మీటర్లు గుడ్డిగా నడిపినట్టే. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2013లో ఇచ్చిన సూచనల్లో హద్దు కూడా ఇదే: ఒక్క చూపు రెండు సెకన్లు దాటకూడదు, ఒక పనికి మొత్తం చూపులు కలిపి పన్నెండు సెకన్లు దాటకూడదు. 2022లో స్వీడన్ పత్రిక ‘వి బిలెగారె’ ఒక పరీక్ష పెట్టింది. ఎయిర్‌ఫీల్డు మీద 110 కిలోమీటర్ల వేగంతో పోతూ నాలుగు పనులు చేయాలి: సీటు వేడి, టెంపరేచరు, అద్దం మంచు తీసే ఫ్యాను ఒక పని, రేడియో స్టేషన్ మార్చడం ఇంకోటి, ట్రిప్ మీటర్ సున్నా చేయడం, డాష్‌బోర్డు వెలుతురు తగ్గించడం. డ్రైవర్లకి కారు అలవాటు చేసుకునేందుకు ముందే సమయం ఇచ్చారు. 2005 నాటి వోల్వో వీ 70లో నాలుగూ 10 సెకన్లలో అయ్యాయి, ఆ లోపల కారు 306 మీటర్లు పోయింది. ఎంజీ మార్వెల్ ఆర్‌లో 44.9 సెకన్లు, 1,372 మీటర్లు. టెస్లా మోడల్ 3కి 23.5 సెకన్లు పట్టింది. పదిహేడేళ్ళ పాత బటన్లు అన్నిటినీ గెలిచాయి.

మరి కంపెనీలు ఎందుకిలా చేశాయి? అందం కోసమని చెప్తారు. అసలు సంగతి ఖర్చు. ప్రతి బటన్‌కీ ఒక అచ్చు, ఒక వైరు, ఒక కనెక్టరు, ఎడమ కుడి స్టీరింగులకి వేరువేరు భాగాలు, ఒక్కో వేరియంటుకి ఒక్కో ప్యానెల్ కావాలి. స్క్రీన్ ఎలాగూ మ్యాప్‌కీ వెనక కెమెరాకీ పెట్టాలి కాబట్టి, మిగతావన్నీ అందులో వేస్తే ఖర్చు సాఫ్ట్‌వేరుదే. కారు మార్కెట్లోకి వచ్చాక కూడా మార్చుకోవచ్చు, అంటే సగం వండిన కారుని కూడా అమ్మేయొచ్చు.

గాలి ఇప్పుడు తిరుగుతోంది. వోక్స్‌వాగన్ తన ఐడీ 3లో టెంపరేచరు, వాల్యూమ్ కోసం నున్నటి తాకుడు పట్టీలు పెట్టి, వాటికి రాత్రి వెలుగు కూడా ఇవ్వలేదు. చీకట్లో తడుముకోవాలి, తడిమితే నొక్కుకుపోతుంది. చివరికి కొత్త మోడళ్ళలో మామూలు బటన్లు తిరిగి తెస్తామని ఆ కంపెనీ పెద్దలే బయటికి చెప్పారు. 2026 నుంచి, ఐరోపాలో కార్ల భద్రతకి మార్కులు వేసే యూరో ఎన్‌క్యాప్ సంస్థ పూర్తి మార్కులు ఇవ్వాలంటే ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్, అత్యవసర కాల్ ఈ ఐదూ చేతికి తగిలే మీటలుగానో బటన్లుగానో ఉండాలి. టెస్లా 2023లో మోడల్ 3 నుంచి ఇండికేటర్ కాడ పీకేసింది, 2025లో వచ్చిన కొత్త మోడల్ వైలో మాత్రం ఆ కాడ ఉంచింది. కార్ల లోకం బయట ఇంకా పెద్ద పాఠమే ఉంది: 2017 ఆగస్టులో సింగపూర్ దగ్గర అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్ మెకెయిన్ ఒక ట్యాంకరుని ఢీకొని పదిమంది నావికులు చనిపోయారు. నౌక వేగం నియంత్రించే టచ్‌స్క్రీన్‌లో కలిగిన గందరగోళం కారణాల్లో ఒకటని తేలింది, 2019లో ఆ నౌకాదళం మళ్ళీ చేత్తో తోసే మీటలకి మారాలని నిర్ణయించింది.

సరే, ఇప్పటికే కొనేసినవాళ్ళు ఏం చేయాలి?

బండి కదలకముందు ఇరవై నిమిషాలు

డెలివరీ రోజు ఫోటోలు, కొబ్బరికాయ, నిమ్మకాయలు అయ్యాక, బండి నిలిపి ఉంచి ఒక పరీక్ష పెట్టుకోండి. పక్కన ఒకరు కూర్చుని ఒక్కో పనీ చెప్పాలి, డ్రైవరు కళ్ళు మూసుకుని చేయాలి. వైపర్ ఒక్క ఊపు. వైపర్ వేగం పెంచడం. హెడ్‌లైటు డిమ్ అండ్ డిప్. హజార్డ్. ముందు అద్దం ఆవిరి తీసే బటన్. ఏసీ రెండు డిగ్రీలు పెంచడం. పాట ఆపడం. బండి చుట్టూ చూపించే 360 కెమెరా. కళ్ళు మూసుకుని అయినవి అలవాటయ్యే పనులు, వాటి గురించి దిగులక్కర్లేదు. కానివాటిని ఫోన్‌లో టైమర్ పెట్టి కళ్ళు తెరిచి చేయండి. ఒక్క చూపులో, రెండు సెకన్లలోపు అయితే ఫర్వాలేదు. దాటితే దాని సంగతి ఒక్కటే: బయల్దేరేముందే పెట్టుకోవాలి, లేదా బండి పక్కకి తీసి చేసుకోవాలి. నడుపుతూ చేయబోవద్దు, రేపు అలవాటవుతుందని ఆశపడొద్దు.

ఈ ‘కానివి’ జాబితా చిన్నది చేసుకోడానికి ఒక దారి ఉంది. కొన్ని కార్లలో స్టీరింగ్ మీద నక్షత్రం గుర్తు బటన్ ఒకటి ఉంటుంది, దానికి మనకి కావలసిన పని అప్పజెప్పొచ్చు. జనం దానికి ఫోన్ మ్యూజిక్కో ఇంటి నంబరో పెట్టుకుంటారు. నన్నడిగితే, మీ కారులో స్క్రీన్ లోతుల్లో దాగిన పని ఏదో చూసి అది పెట్టుకోవాలి: 360 కెమెరా గానీ, బండిని రోడ్డు గీతల మధ్య ఉంచే లేన్ కీపింగ్ ఆన్ ఆఫ్ గానీ. స్క్రీన్ మీద షార్ట్‌కట్ వరస ఉంటే అందులోవి నాలుగైదుకి మించనివ్వకండి. ఎనిమిది గుర్తులు వరసగా ఉంటే అందులో ఐదోది వెతకడం మళ్ళీ చూసే పనే. మొదటిదీ చివరిదీ మాత్రం చెయ్యి త్వరగా నేర్చుకుంటుంది, స్క్రీన్ అంచు తగులుతుంది కాబట్టి. ఎక్కువ వాడే రెండిటినీ ఆ మూలల్లో పెట్టండి.

అలాగే స్క్రీన్ అంచుకి బొటనవేలు ఆనించి, చూపుడువేలితో నొక్కడం అలవాటు చేసుకోండి. గతుకుల్లో చెయ్యి ఎగరదు. చిన్న చిట్కానే, గురి తప్పడం బాగా తగ్గుతుంది.

ఏసీ, ఆవిరి

స్క్రీన్‌తో ఎక్కువ కుస్తీ పట్టేది ఏసీ కోసమే. అందులో సగం కుస్తీ రేంజ్ (ఒక్క చార్జితో పోయే దూరం) తగ్గుతుందన్న భయంతో వచ్చేది. కారు చల్లబడ్డాక ఏసీ ఉరామరిగా గంటకి ఒక యూనిట్ (వెయ్యి వాట్-అవర్లు) కరెంటు తింటుంది. కారు కిలోమీటరుకి 150 వాట్-అవర్లు వాడుతుంటే, గంటసేపు ఏసీ వేసినందుకు పోయేది ఆరేడు కిలోమీటర్ల రేంజ్. హైదరాబాదు నుంచి విజయవాడకి నాలుగున్నర గంటల్లో పోతే ముప్పై కిలోమీటర్లు. దాన్ని మిగిల్చుకోవాలంటే ఏసీ కట్టేయక్కర్లేదు, వేగం 100 నుంచి 90కి దిగితే దాదాపు అంతే మిగులుతుంది. ఆటోలో 24 పెట్టి వదిలేయండి. ముట్టుకోవద్దు.

ఆటో సరిగ్గా పని చేయడం లేదనే ఫిర్యాదుకి తరచూ ఒక కారణం డాష్‌బోర్డు మీదే ఉంటుంది. ముందు అద్దం దగ్గర మినపగింజంత నుంచి బొత్తాం అంత ఉండే నల్లటి గుబ్బ ఎండ సెన్సర్. ఎండ ఎంత కొడుతోందో చూసి ఏసీ పెంచేది అదే. దాని మీద వినాయకుడి బొమ్మ పెట్టినా, డాష్‌బోర్డు మీద గుడ్డ మ్యాట్ పరిచినా కారుకి మే నెల మధ్యాహ్నం కూడా మబ్బుపట్టినట్టే. స్వామిని నాలుగంగుళాలు పక్కకి జరపండి.

వానలో అద్దానికి పట్టే ఆవిరి విషయంలో మాత్రం తొందర ఉంటుంది, అందుకే ముందే తెలిసి ఉండాలి. ముందు వేలితో లోపలి అద్దం రుద్ది చూడండి. గీత పడితే ఆవిరి లోపలిది: నలుగురి ఊపిరి తేమ చల్లటి అద్దం మీద చేరింది. ఏసీ ఆన్‌లో ఉంచి, గాలి అద్దం మీదికి తిప్పి, బయటి గాలి లోపలికి రానివ్వాలి. గీత పడకపోతే ఆవిరి బయటిది: ఏసీ అద్దాన్ని మరీ చల్లబరిచింది, బయటి ఉక్క గాలి దాని మీద నీరవుతోంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో ఇదే ఎక్కువ. అప్పుడు వైపర్ ఒక ఊపు వేసి, టెంపరేచరు మూడు నాలుగు డిగ్రీలు పెంచి, అద్దం మీదికి గాలి ఆపాలి. రెండిటికీ మందు తలకిందులు. కొన్ని కార్లు ఎకో మోడ్‌లో కరెంటు మిగిల్చేందుకు లోపలి గాలినే తిప్పుతాయి. వానలో నలుగురు ఎక్కితే అద్దం నిమిషాల్లో మూసుకుపోతుంది. వాన మొదలైతే ఎకోలోంచి బయటికి రండి.

టాటా 2023 సెప్టెంబరులో తెచ్చిన నెక్సాన్ ఈవీలో ఏసీ ప్యానెల్ నున్నటి తాకుడుదే అయినా, టెంపరేచరుకీ ఫ్యానుకీ రెండు మీటలు వదిలారు. ఆ రెండు మీటలే ఆ ప్యానెల్‌ని కాపాడాయి. కొనేటప్పుడు కనీసం ఈ మాత్రం దయ ఉందో లేదో చూసుకోవాలి.

వైపర్ మీద ఒక తీర్పు

2020లో జర్మనీలోని కార్ల్స్‌రూహె కోర్టు ఒక టెస్లా డ్రైవరుకి 200 యూరోల జరిమానా, నెల రోజులు డ్రైవింగ్ నిషేధం సరే అంది. ఆయన చేసింది ఫోన్ మాట్లాడటం కాదు. జోరువానలో వైపర్ వేగం మార్చడానికి స్క్రీన్ మెనూలోకి వెళ్ళాడు, కారు రోడ్డు దాటి చెట్లకి తగిలింది. కారులో బిగించిన స్క్రీన్ కూడా ఫోన్ లాంటి ఎలక్ట్రానిక్ పరికరమేనంది కోర్టు. మన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లో ఉన్న మాట ‘చేత్తో పట్టుకునే’ పరికరం. బిగించిన స్క్రీన్ దాని కిందికి రాదు. ఫోన్ చూస్తే ఫైను పడుతుంది, పదిహేనంగుళాల స్క్రీన్‌లో పాట వెతుక్కుంటే ఆ మాట వర్తించదు.

ఆటో వైపర్ల గురించి రెండు మాటలు. చాలా కార్లలో వాన సెన్సర్ అద్దానికి లోపలివైపు అంటించి ఉంటుంది. కంటికి కనబడని కాంతిని అద్దంలోకి ఏటవాలుగా పంపి, తిరిగొచ్చేది కొలుస్తుంది. పైన నీటిబొట్టు ఉంటే కొంత కాంతి బయటికి జారిపోతుంది, తిరిగొచ్చేది తగ్గుతుంది, వైపర్ ఆడుతుంది. రాయి తగిలి అద్దం మార్చినప్పుడు సెన్సర్‌కీ అద్దానికీ మధ్య ఉండే జిగురు మెత్త కూడా కొత్తది వేయాలి. పాతదే అంటిస్తే గాలి బుడగలు మిగులుతాయి, ఎర్రటి ఎండలో వైపర్లు ఆడతాయి. టెస్లా ఈ సెన్సర్ మానేసి కెమెరాతో వాన గుర్తుపట్టే పద్ధతి పెట్టింది, ఎండలో పొడి అద్దం మీద వైపర్ ఆడే ఫిర్యాదు వాటికీ ఉంది. ఏ కారైనా, కాడనో బటన్‌నో ఒక్కసారి నొక్కితే వైపర్ ఒక్క ఊపు వేయాలి. ముందు పోయే లారీ బురద చిమ్మినప్పుడు మనకి కావలసింది ఆ ఒక్క ఊపే.

కాలు నేర్చుకోవాల్సినవి

రీజెన్ బ్రేకింగ్ అనేది నిజంగా అలవాటయ్యే పని. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే మోటారే జనరేటరై బండిని ఆపుతుంది. మొదటి వారం తక్కువ స్థాయిలో ఉంచండి. నెక్సాన్ ఈవీలో 0 నుంచి 3 దాకా స్టీరింగ్ వెనక రెక్కలతో మార్చుకోవచ్చు. మొదట 1, కాలు కుదిరాక 2. ఎక్కువ స్థాయిలో కాలు టక్కున తీస్తే వెనక కూర్చున్నవాళ్ళకి కడుపులో తిప్పుతుంది, కాలు ‘ఎత్తడం’ కాదు ‘సడలించడం’ నేర్చుకోవాలి.

ఇది ఎక్కడ మోసం చేస్తుందో తెలిసి ఉండాలి. బ్యాటరీ నిండుగా ఉంటే వచ్చే కరెంటుకి పెట్టుకునే చోటు లేదు, రీజెన్ తగ్గిపోతుంది లేదా ఉండదు. నిన్నటిదాకా కాలు తీస్తే ఆగిన బండి ఇవాళ జారుతుంది. తిరుమల మీద వంద శాతం చార్జ్ చేసి ఘాట్ రోడ్డు దిగడం మొదలుపెడితే ఇదే జరుగుతుంది. లెక్క చూడండి: 1,700 కిలోల బండి సుమారు 700 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి 3.2 యూనిట్లు. టైర్ల రాపిడి, మార్పిడి నష్టాలు పోను బ్యాటరీకి చేరేది రెండు యూనిట్లు. 40 యూనిట్ల బ్యాటరీలో అది 5 శాతం. కాబట్టి కొండ మీద 90 దగ్గర ప్లగ్ తీసేస్తే సరిపోతుంది, ఊళ్ళోకి వచ్చేసరికి అది 95 అయి ఉంటుంది.

వానలో నున్నటి రోడ్డు మీద ఎక్కువ రీజెన్ పెట్టి కాలు ఒక్కసారి తీస్తే నడిపే చక్రాలు జారబోతాయి, కారు కంప్యూటర్ రీజెన్‌ని ఒక్క క్షణం కట్టేస్తుంది. డ్రైవరుకి అది బండి ముందుకి దూకినట్టు అనిపిస్తుంది. బ్రేకు పెడల్ మీద కాలు వేయాల్సిన సమయం అదే. అందుకే వానాకాలం ఒక మెట్టు తగ్గించుకోవాలి. రీజెన్‌తోనే నడిపే బండిలో బ్రేకు డిస్కులు వాడక తుప్పు పడతాయి. వారానికోసారి, వెనక ఎవరూ లేనప్పుడు, రీజెన్ 0లో పెట్టి అరవై నుంచి ఇరవైకి నాలుగైదుసార్లు బ్రేకు పెడల్‌తోనే దిగండి. డిస్కులు తేటపడతాయి.

వెనకవాడికి బ్రేకు లైటు వెలుగుతుందా అనేది న్యాయమైన అనుమానం. ఐరాస నిబంధన ప్రకారం రీజెన్ వల్ల బండి వేగం ఒక్కో సెకనుకీ 1.3 మీటర్లు/సెకను (గంటకి సుమారు 4.7 కిలోమీటర్లు) కన్నా ఎక్కువగా తగ్గుతుంటే లైటు వెలగాల్సిందే. రాత్రిపూట గోడకి వెనక్కి పెట్టి చూస్తే తెలియదు, ఖాళీ రోడ్డు మీద ఇంకో కారుని వెనక రమ్మని చూడాలి.

గేరు సంగతి కొంచెం ప్రాణాంతకమైనది. గేరు మార్చమనే సంకేతాన్ని తీగ ద్వారా పంపే మీట చాలా కార్లలో నొక్కగానే తన చోటికి తాను తిరిగొస్తుంది, బండి డీ (డ్రైవ్)లో ఉందో పీ (పార్క్)లో ఉందో మీట చూసి చెప్పలేం. ఈ కారణంగానే 2016లో ఫియట్ క్రైస్లర్ దాదాపు 11 లక్షల వాహనాలు వెనక్కి పిలిచింది, అవి ఇంజిన్ ఉన్న బళ్ళు. ఎలక్ట్రిక్ బండిలో ఇంజిన్ చప్పుడు కూడా లేదు. ఆటో హోల్డ్ (బ్రేకు మీంచి కాలు తీసినా బండిని ఆపి ఉంచే సదుపాయం) మీద ఆగిన బండి ‘ఆగిపోయిన’ బండి కాదు. దిగేముందు వరస ఒకటే: బ్రేకు నొక్కి ఉంచి, పీ నొక్కి, ఎదురుగా పీ అక్షరం చూసి, అప్పుడు బెల్టు తీయాలి. బెల్టు చివర. ఇంట్లో మీ బండి తీసే ప్రతి ఒక్కరికీ ఈ వరస నేర్పాలి.

సాయం చేసేవాడు ఎక్కడ చేయి వదిలేస్తాడు

ఇప్పుడు మన మార్కెట్లో వస్తున్న అడాస్ (డ్రైవరుకి సాయం చేసే ఏర్పాట్లు) చాలావరకు లెవెల్ 2. అంటే స్టీరింగ్, వేగం రెండూ కారు చూసినా, బాధ్యత డ్రైవరుదే. అన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు. అత్యవసర బ్రేకింగ్‌ని ఎప్పుడూ కట్టేయకండి. అది మరీ ముందే అరుస్తుంటే హెచ్చరిక సమయాన్ని ‘ఆలస్యం’కి మార్చండి, చాలు. జనం చేసేది వేరే: 80 దాటగానే నిమిషానికోసారి వచ్చే బీప్, 120 దాటితే ఆగకుండా మోగే బీప్ చట్ట ప్రకారం 2019 జులై నుంచి ఉన్నవే. వాటికి అడాస్ బీప్‌లు తోడయ్యాక ఏ అరుపు దేనికో తెలియక, విసుగొచ్చి అన్నీ కట్టేస్తారు. అసలైన అరుపు కూడా అందులో పోతుంది.

లేన్ కీపింగ్ హైదరాబాదు ఓఆర్ఆర్ మీద బాగుంటుంది. గీతలు చెరిగిపోయిన రెండు వరసల రోడ్డు మీద కట్టేయాలి. అది స్టీరింగ్ లాగితే బెదరొద్దు, ఆ లాగుడుని చేత్తో తప్పించగలగాలనేది నిబంధన. ఐరోపాలో హద్దు 50 న్యూటన్లు, అంటే ఐదు కిలోలు ఎత్తేంత బలం. ఇండికేటర్ వేసి గీత దాటితే అది మామూలుగా లాగదు. ఇండికేటర్ వేయడం మన డ్రైవర్లకి ఏ ఆర్టీఓ నేర్పలేనిది ఇది నేర్పుతుందేమో.

జాగ్రత్త పడాల్సింది, ముందు బండికి తగ్గట్టు వేగం తానే సర్దుకునే అడాప్టివ్ క్రూజ్‌తో. ముందు పోయే బండిని అది బాగానే అనుసరిస్తుంది. ఆగి ఉన్న బండి విషయంలో తడబడొచ్చు. రాడార్‌కి రోడ్డు పక్క బోర్డులు, పై వంతెనలు, డివైడర్లు అన్నీ కదలని వస్తువులే. ప్రతిదానికీ బ్రేకు వేస్తే నడపలేం కాబట్టి, మొదటినుంచీ కదలనివాటిని సాఫ్ట్‌వేర్ చాలావరకు లెక్కలోంచి తీసేస్తుంది. మన జాతీయ రహదారి మీద రాత్రి రెండింటికి, రేడియం స్టిక్కరు కూడా లేకుండా వరసలోనే ఆపేసిన లారీ సరిగ్గా ఆ రకం వస్తువు. ముందున్న కారు చివరి క్షణంలో పక్కకి తప్పుకుంటే మన కారుకి ఆ లారీ అప్పుడే కనబడుతుంది. కారు మాన్యువల్లో ఈ హెచ్చరిక ఉంటుంది, చదివి చూడండి. రాత్రి క్రూజ్ వాడితే దూరం అన్నిటికన్నా ఎక్కువ స్థాయిలో పెట్టి, వేగం 80 దాటనివ్వకండి, కాలు బ్రేకు దగ్గరే ఉంచండి. పగలు ఊరి దగ్గర ఆ దూరంలోకి ఆటో దూరుతుంది, బండి బ్రేకు వేస్తుంది, వెనక లారీవాడికి కారణం కనబడదు. ఊరు వస్తుంటే కట్టేయడమే.

ఈ యంత్రాల కళ్ళు ఎక్కడున్నాయో తెలుసుకోండి. కెమెరా లోపలి అద్దం వెనక ఉంటుంది, రాడార్ చాలా బళ్ళలో ముందు బంపరు మధ్యలోనో లోగో వెనకో ఉంటుంది. ఫాస్టాగ్‌ని కెమెరా గూడు మీద అంటించొద్దు. ఆయుధపూజకి బంపరుకి కట్టిన బంతిపూల దండ రాడార్ ముందు వేలాడితే “సెన్సర్ మూసుకుపోయింది” అని సందేశం వస్తుంది, జనం సర్వీసు సెంటరుకి పరుగెడతారు. దండ తీస్తే చాలు. సైడు అద్దాల కింద 360 కెమెరాలకి పసుపు పూయకండి, గీసి కడిగితే కటకం గరుకు తేలుతుంది. ముందు అద్దం మార్చినా, బంపరు విప్పి బిగించినా కాలిబ్రేషన్ (ఆ కళ్ళ గురి సరిచేయడం) చేయించి, చేసినట్టు బిల్లులో రాయించుకోండి.

స్క్రీన్ చచ్చిన రోజు

స్క్రీన్ కూడా అరిగే వస్తువే. 2021లో టెస్లా దాదాపు 1,35,000 మోడల్ ఎస్, ఎక్స్ కార్లు వెనక్కి పిలిచింది. లోపలి 8 జీబీ మెమరీ రాసి రాసి అరిగిపోయి స్క్రీన్ ఆగిపోతే వెనక కెమెరా, అద్దం ఆవిరి తీసే నియంత్రణ కూడా పోతున్నాయి. అదే సంవత్సరం డిసెంబరులో వచ్చిన వెర్షన్ 11 అప్‌డేట్ రోజూ వాడే గుర్తుల చోట్లు మార్చేసింది, జనం గోలపెట్టాక కొన్ని వెనక్కి వచ్చాయి. అప్‌డేట్ వచ్చిన రాత్రి నొక్కొద్దు. ఆదివారం పొద్దున నొక్కి, పైన చెప్పిన కళ్ళు మూసుకునే పరీక్ష మళ్ళీ ఒకసారి పెట్టుకున్నాకే రోడ్డెక్కండి. రీజెన్ స్థాయి, లేన్ కీపింగ్, హెచ్చరిక సమయం మారాయేమో కూడా చూడండి.

స్క్రీన్ బిగుసుకుపోతే మళ్ళీ మొదలుపెట్టే పద్ధతి ప్రతి కారుకీ ఉంటుంది. టెస్లాలో స్టీరింగ్ మీది రెండు చక్రాలూ స్క్రీన్ నల్లబడేదాకా నొక్కి ఉంచాలి. చాలా కార్లలో హోమ్ లేదా పవర్ బటన్ పది సెకన్లు. బండి పక్కకి ఆపి చేయండి, మళ్ళీ వచ్చేదాకా వేగం కూడా కనబడకపోవచ్చు.

ఇక చివరిది, పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి చచ్చిపోయే సందర్భం. తలుపు తాళాలు, స్క్రీన్, కంప్యూటర్లు నడిచేది పక్కనుండే చిన్న 12 వోల్టుల బ్యాటరీ మీద. విమానాశ్రయంలో మూడు వారాలు వదిలేసినా, బ్యాటరీకి వయసు మీరినా అది దిగిపోవచ్చు. అప్పుడు కరెంటుతో తెరుచుకునే తలుపులు తెరుచుకోవు. బయటినుంచి తాళంచెవి పెట్టే రంధ్రం హ్యాండిల్ మూత కింద దాగి ఉండొచ్చు, లోపలినుంచి చేత్తో లాగే మీట వేరే ఉంటుంది. ముందు సీట్లవాళ్ళకి అది దొరికే చోటే ఉంటుంది. వెనక తలుపులకి తేలిగ్గా దొరకదు: కొన్ని టెస్లా మోడల్ వై కార్లలో అది వెనక తలుపు అరలో, అడుగున పరిచిన మ్యాట్ కింద, ఒక చిన్న మూత తీస్తే కనబడే తీగ. వెనక కూర్చునేది పిల్లలూ ముసలివాళ్ళూ. మీ కారులో ఆ తీగ ఎక్కడుందో మాన్యువల్లో ‘అత్యవసర తలుపు’ పేజీ తీసి, మ్యాట్ ఎత్తి, పిల్లలచేత ఒకసారి లాగించి చూడండి.